కన్ను ఆనని కెమెరా

కెమెరా చేతికిస్తే ఎవరైనా ముందు కంటికి ఆనించుకుంటారు. స్పేస్ సూట్ వేసుకున్నవాళ్లకి ఆ మొదటి పనే కుదరదు. కంటికీ వ్యూఫైండరుకీ మధ్య హెల్మెట్ అద్దం అడ్డు. పోనీ రింగులు తడుముకుని తిప్పుదామంటే గ్లవ్స్‌లో వేళ్లకి స్పర్శ తెలీదు. అపోలో సూట్ లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 3.7 పౌండ్లు, బయట శూన్యం. గాలి కొట్టిన ట్యూబులా గ్లవ్ బిగుసుకుని ఉంటుంది, పిడికిలి మూసిన ప్రతిసారీ ఆ బిగువుతో కుస్తీ పట్టాలి. అంతరిక్ష కెమెరాల గురించి రాసేవాళ్లంతా లెన్సుల్ని పొగుడుతారు. లెన్సులు మంచివే, కాదనం. అసలు పనితనం మాత్రం ఈ కన్నూ వేళ్ల ఇబ్బందుల చుట్టూనే ఉంది. చిత్రమేమిటంటే, మొదటి రోజుల్లో ఆ ఇంజనీర్లు కెమెరాకి తగిలించినవాటికంటే అందులోంచి పీకేసినవే ఎక్కువ.

1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ తన నౌక ఫ్రెండ్‌షిప్ 7లో తీసుకెళ్లింది ఆన్స్కో ఆటోసెట్. అది మినోల్టా తయారుచేసిన 35 మి.మీ. కెమెరా, కోకో బీచ్‌లో ఒక మందుల షాపులో 40 డాలర్లకి కొన్నది. ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ముకి ఎంత వెలుగు తగలాలో, దానంతటదే చూసుకుంటుంది కాబట్టి ఎంచుకున్నారు. దాన్ని తలకిందులుగా తిప్పి, కింద పిస్టల్ పిడి లాంటిది బిగించి, షట్టరూ ఫిల్ము తిప్పుడూ ఆ పిడి నుంచే జరిగేలా చేశారు. అప్పటికి పైకి వచ్చిన అడుగుభాగం మీద హెల్మెట్ పెట్టుకుని కూడా చూడగలిగే వ్యూఫైండరు అతికించారు. చూడ్డానికి వీధి మెకానిక్ పనిలా ఉంటుంది గానీ, సమస్య ఏమిటో సరిగ్గా పట్టుకున్న పని.

అదే ఏడాది అక్టోబరు 3న ఇంకో వ్యోమగామి వాలీ షిరా తన నౌక సిగ్మా 7లో పట్టుకెళ్లిన స్వీడన్ కెమెరా హాసెల్‌బ్లాడ్ 500సి కూడా హ్యూస్టన్‌లో దుకాణంలో కొన్నదే, 80 మి.మీ. ప్లానార్ లెన్సుతో. దాన్నుంచి తోలు తొడుగు ఊడదీశారు. లెన్సులోంచి వచ్చే దృశ్యాన్ని వ్యూఫైండరుకి మళ్లించే రిఫ్లెక్స్ అద్దం, వ్యూఫైండరు, వెనకాల ఉండే రెండో షట్టరు తీసేశారు. ఈ రెండో షట్టరు ఎందుకు అక్కర్లేదో చెప్పుకోవాలి. హాసెల్‌బ్లాడ్‌లో అసలు షట్టరు లెన్సులోనే ఉంటుంది. అద్దంలోంచి చూడాలంటే ఆ షట్టరు తెరిచి ఉండాలి, మరి ఫిల్ముకి వెలుగు తగలకూడదు కదా, అందుకని వెనక రెండు రెక్కల తలుపు. అద్దమే లేనప్పుడు లెన్సులో షట్టరు ఎప్పుడూ మూసే ఉంటుంది, వెనక తలుపుతో పని లేదు. బరువు తగ్గింది, చెడిపోయే భాగాలు తగ్గాయి. కిటికీ గాజులో కెమెరా ప్రతిబింబం పడకుండా ఒళ్లంతా మెరుపు లేని నల్లరంగు పూశారు. మామూలు 120 రోలు బదులు 70 మి.మీ. ఫిల్ము పట్టే మ్యాగజైను, అంటే ఊడదీయగలిగే ఫిల్ము పెట్టె, పెట్టారు.

మన ఊళ్లలో పాత స్టూడియోవాళ్లకి 120 రోలు అంటే తెలుసు, 6×6లో 12 ఫోటోలు. షిరా మ్యాగజైనులో దాదాపు 100. అపోలో నాటికి కొడాక్ పలుచటి పాలిస్టర్ బేస్ మీద ఫిల్ము ఇవ్వడంతో ఒక్క మ్యాగజైనులో రంగుల్లో 160, నలుపు తెలుపులో 200 దాకా పట్టేవి. గ్లవ్స్‌తో రీలు మార్చడం ఎంత నరకమో ఊహించుకుంటే ఈ అంకెల విలువ తెలుస్తుంది.

చంద్రుడి మీదికి వెళ్లిన హాసెల్‌బ్లాడ్ వేరు. మోటారున్న 500ఈఎల్ మీద కట్టిన ‘డేటా కెమెరా’ అది. రెండు నికెల్-కాడ్మియం బ్యాటరీలు, ఒక మోటారు. ఒకసారి నొక్కితే ఫోటో పడి, ఫిల్ము జరిగి, షట్టరు మళ్లీ సిద్ధమవుతుంది. దీని ఒంటికి నల్లరంగు కాదు, వెండిరంగు. కమాండ్ మాడ్యూల్ (వ్యోమగాములు ప్రయాణించే నౌక) కిటికీ దగ్గర వాడేదానికి ప్రతిబింబం బెడద, అందుకు నలుపు. చంద్రుడి నేల మీద ఎండలో 120 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, నీడలో మైనస్ 65కి పడిపోతుంది, మధ్యలో చల్లబరచడానికి గాలి లేదు. ఎండని తిప్పికొట్టి లోపలి వేడి నిలకడగా ఉంచడానికి వెండి.

దీనికోసం జర్మన్ లెన్సుల కంపెనీ జైస్ ప్రత్యేకంగా చేసిన లెన్సు 60 మి.మీ. బయోగాన్ ఎఫ్/5.6 (ఎఫ్ అంకె అపర్చరుది, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రానిది; అంకె పెరిగితే రంధ్రం చిన్నది). గీతలు వంగకుండా, అంటే అంచుల్లో డిస్టార్షన్ దాదాపు లేకుండా చేశారు, ఎందుకంటే ఈ ఫోటోల మీద కొలతలు తీయాలి. లెన్సు రింగులకి పెద్ద రెక్కల్లాంటి లివర్లు పెట్టారు. ఫోకస్ రింగు దగ్గర, మధ్య, దూరం అన్న మెట్ల దగ్గర ఆగేలా చేశారు. అద్దం లేదు, ఫోకసింగ్ స్క్రీను లేదు. కెమెరాని సూట్ ఛాతీ మీద ఉండే కంట్రోల్ పెట్టెకి బిగించిన బ్రాకెట్‌లోకి జొనిపితే అక్కడే నిలబడుతుంది. గురి పెట్టాలంటే మనిషే ఒళ్లంతా తిరగాలి. నడుము వంచితే కెమెరా వంగుతుంది. భూమ్మీద శిక్షణలో వాళ్లకి ఇదే నేర్పించారు, ఛాతీతో చూడడం. అపోలో 11 ఫోటోల్లో కొన్నింట తల తెగడం, నేల ఒరగడం ఇందుకే. నిజానికి ఇంత బాగా ఎలా వచ్చాయన్నదే ఆశ్చర్యం.

దూరపు దృశ్యాల ఫోకస్ 74 అడుగుల దగ్గర పెట్టేవాళ్లు. ఈ అంకె ఎందుకో లెక్క వేస్తే తేలుతుంది. 60 మి.మీ. లెన్సు, ఎఫ్/8, అనుమతించే మసక చుక్క 0.02 మి.మీ. అనుకుంటే హైపర్‌ఫోకల్ దూరం 60×60 భాగం (8×0.02), అంటే 22,500 మి.మీ. అది 22.5 మీటర్లు, సరిగ్గా 74 అడుగులు. అక్కడ ఫోకస్ పెడితే 11 మీటర్ల నుంచి కొండల దాకా అన్నీ స్పష్టం. చూడకుండా తీయాల్సిన కెమెరాకి ఫోకస్ సమస్య ఇలా లెక్కతో తప్పించారు.

ఎక్స్‌పోజర్ కూడా అంతే. లైట్ మీటరు చూస్తూ కూర్చునే తీరిక లేదు, మ్యాగజైను నెత్తిన అంటించిన పట్టీయే మీటరు. షట్టరు 1/250 దగ్గర కదిలించరు. ఎండ వీపుకి తగులుతుంటే ఎఫ్/11, పక్కనుంచైతే ఎఫ్/8, నీడ అయితే ఎఫ్/5.6. గాలి లేని చోట ఎండ మబ్బుతో మారదు, పొగమంచుతో మారదు, అందుకే ఈ మూడు అంకెలతో పని జరిగిపోయింది. ఇదే ఎక్స్‌పోజర్‌తో చుక్కలు పడవు. ‘ఫోటోల్లో నక్షత్రాలేవీ?’ అని అడిగేవాళ్లు రాత్రి పూట 1/250, ఎఫ్/8 పెట్టి మేడ మీంచి ఒక్క ఫోటో తీసి చూసుకోవచ్చు.

చుట్టూ ఉన్న దృశ్యమంతా పట్టాలంటే పద్ధతి ఇది: ఒక చోట నిలబడి, ఫోకస్ 74 అడుగులకి పెట్టి, ఒకటి తీసి, పాదాలు కాస్త జరిపి మళ్లీ తీయడం, మొదలుపెట్టిన చోటికి వచ్చేదాకా. బయోగాన్ అడ్డంగా 47 డిగ్రీల పైచిలుకు చూస్తుంది. ఒక ఫోటోలో సగం పక్క ఫోటోలోకి రావాలంటే 360 డిగ్రీలకి 15 దాకా కావాలి. తిరుగుతున్నప్పుడు ఎండ దిశని బట్టి అపర్చరు లివరు మార్చుకోవాలి, మరిచిపోతే పనోరమాలో సగం తెల్లబడుతుంది. రాయిని ఏరేముందు దగ్గరగా రెండు, అడుగు పక్కకి వేసి ఒకటి, ఏరాక ఇంకొకటి. పక్కకి అడుగేసి తీసింది స్టీరియో కోసం, జంటగా చూస్తే రాయి లోతు తెలుస్తుంది.

ఫోటోల మీద కనిపించే ‘+’ గుర్తులు ‘రేజో’ ప్లేటువి. రేజో అంటే ఫ్రెంచిలో వల. ఫిల్ముకి ఆనుకుని కెమెరా ఒంట్లో బిగించిన గాజు పలక అది. దాని మీద అడ్డంగా 5, నిలువుగా 5, మొత్తం 25 గుర్తులు చెక్కారు. గుర్తుకీ గుర్తుకీ మధ్య 10 మి.మీ., ఆ కొలతలో తేడా 0.002 మి.మీ. దాటకూడదు. మధ్య గుర్తు మాత్రం మిగతావాటికన్నా పెద్దది. ఫిల్ము కడిగి ఆరబెట్టాక సాగుతుంది, ముడుచుకుంటుంది, ప్రింటులో ఇంకా మారుతుంది. ఆ గుర్తుల మధ్య దూరం కొలిస్తే ఎక్కడ ఎంత సాగిందో తెలిసిపోతుంది, దాన్ని సరిచేసి రాళ్లూ గుంటలూ కొలవచ్చు.

‘గుర్తు వస్తువు వెనక్కి వెళ్లింది, కాబట్టి ఫోటో అతుకులబొంత’ అని యూట్యూబ్‌లో అరిచేవాళ్లకి జవాబు కూడా కొలతల్లోనే ఉంది. గుర్తు ఒక్కో చేయి పొడవు 1 మి.మీ., మందం 0.02 మి.మీ. వెంట్రుక కన్నా సన్నం. ఎండలో వెలిగే తెల్లటి వస్తువు మీద పడితే ఎమల్షన్‌లో (ఫిల్ము మీద వెలుగుని పట్టే పూత) వెలుగు పక్కలకి పాకి ఆ సన్న గీతని మింగేస్తుంది. పక్కనే బూడిదరంగు నేల మీద ఉన్న సగం మిగిలిపోతుంది. కాపీకి కాపీ తీసినకొద్దీ ఇది ఇంకా ఎక్కువ. ఒరిజినల్ స్కాన్‌లు పెద్దవి చేసి చూస్తే తెలుపు మీద కూడా చాలాచోట్ల గీత ఆనవాలు దొరుకుతుంది.

ఈ గాజు పలకతో ఒక కొత్త చిక్కు వచ్చి పడింది. మామూలు కెమెరాలో ఫిల్ము లోహపు పట్టాల మీద జారుతుంది, రాపిడికి పుట్టిన స్టాటిక్ కరెంటు ఎప్పటికప్పుడు లోహంలోకి దిగిపోతుంది. గాజు మీద జారితే దిగడానికి దారి లేదు. తేమ బొత్తిగా లేని శూన్యంలో అది పోగుపడి, చిటుక్కున నిప్పురవ్వ రాలితే ఫిల్ము మీద చెట్టుకొమ్మల్లాంటి గీతలు పడతాయి. డార్క్‌రూముల్లో పనిచేసినవాళ్లు ఎండాకాలంలో రీలు వేగంగా చుట్టితే ఇవి చూసే ఉంటారు. పరిష్కారంగా పలకకి ఫిల్ము వైపున వెలుగు దాటిపోయేంత పలుచగా కరెంటు పారే పూత పూసి, అంచుల్లో వెండి వేసి, రెండు స్ప్రింగులతో కెమెరా లోహానికి కలిపారు. అపోలో కెమెరా మొత్తం మీద నాకు బాగా నచ్చే భాగం ఈ రెండు స్ప్రింగులే.

గ్రీజు సంగతి ఇంకొకటి. మామూలు కందెన శూన్యంలో ఆవిరవుతుంది. ఆవిరయ్యి ఊరుకోదు, చల్లగా ఉన్న గాజు మీద, అంటే లెన్సు మీదా రేజో ప్లేటు మీదా పేరుకుంటుంది. పైగా గ్రీజు పోయిన లోహం పట్టేస్తుంది. అందుకే కెమెరా మొత్తం విప్పి పాత కందెన కడిగేసి, శూన్యంలో ఆవిరవని రకం అతి తక్కువగా రాశారు. ప్లాస్టిక్, జిగురు, రబ్బరు దేనికైనా ఇదే పరీక్ష: ఏం వదులుతుంది, అంటుకుంటుందా?

చంద్రుడి దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. గాలీ నీరూ అరగదీయని నలుసులు, అంచులు గాజుపెంకుల్లా ఉంటాయి, దేనికైనా అంటుకుంటాయి. తుడిస్తే గీతలు పడతాయి. అపోలో 16, 17ల్లో రోవరు (చంద్రుడి మీద నడిపిన బండి) ఆగిన ప్రతి చోటా టీవీ కెమెరా లెన్సుని బ్రష్‌తో దులపడం చెక్‌లిస్టులో ఒక పని. టీవీ కెమెరాకి ఎండ బెడద కూడా ఉంది. అపోలో 12లో ఆలన్ బీన్ స్టాండు మీదికి మారుస్తుండగా అది సూర్యుడి వైపు తిరిగింది, లోపలి ట్యూబు కాలిపోయింది, అంతటితో ప్రత్యక్ష ప్రసారం సరి. ఫిల్ముకి అలాంటి ప్రమాదం లేదు, ఒక్క ఫ్రేము పోతుంది, అంతే. అదే ప్రయాణంలో బీన్, ఆయనతో దిగిన కాన్రాడ్ ఎవరికీ చెప్పకుండా ఒక సెల్ఫ్ టైమర్ పట్టుకెళ్లారు, అంతకుముందే అక్కడ దిగిన మనుషుల్లేని నౌక సర్వేయర్ 3 పక్కన ఇద్దరూ కలిసి ఫోటో దిగి భూమ్మీదవాళ్లని ‘ఇది తీసిందెవరు?’ అని ఆటపట్టిద్దామని. తీరా కావలసినప్పుడు అది రాళ్ల సంచిలో దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో బరువంటే బంగారం. మ్యాగజైనులు ఊడదీసి తెచ్చుకుని, కెమెరా ఒంటినీ లెన్సునీ అక్కడే వదిలేశారు. అలా 12 హాసెల్‌బ్లాడ్‌లు చంద్రుడి మీద ఉండిపోయాయి. మ్యాగజైను విప్పేముందు డార్క్ స్లైడు (ఫిల్ముకి వెలుగు తగలకుండా అడ్డుపెట్టే రేకు) పూర్తిగా లోపలికి దూర్చాలి, సగంలో ఆగితే ఫిల్ముకి వెలుగు తగులుతుంది. అపోలో 11 ఫిల్ముల్ని కడిగేముందు చంద్రుడి క్రిములుంటాయేమోనని ఎథిలీన్ ఆక్సైడ్ గ్యాసులో శుద్ధి చేశారు. పెట్టెలోంచి తీసిన మ్యాగజైను మీది నల్లటి దుమ్ము ఫోటో ల్యాబ్ మనిషి చేతికంటితే ఆయన్నీ స్నానం చేయించి క్వారంటైన్‌లో పెట్టారు.

చేత్తో పట్టుకునే కెమెరాల సంగతి అది. అంతరిక్ష స్టేషనుకి బిగించేవి వేరే జాతి. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోవియట్ స్టేషను సాల్యూట్ 7 నుంచి మన దేశాన్ని తీసినవి అలాంటి వాటితోనే. జైస్ జెనా చేసిన ఎంకేఎఫ్-6ఎంలో ఆరు లెన్సులు ఒకేసారి ఆరు వర్ణపట్టీల్లో ఒకే నేలని తీస్తాయి. దానికి గ్లవ్స్ బాధ లేదు.

డిజిటల్ 1991 సెప్టెంబరులో స్పేస్ షటిల్ యాత్ర ఎస్‌టీఎస్-48తో వచ్చింది, నికాన్ ఎఫ్4 ఒంట్లో 1024×1024 నలుపు తెలుపు సెన్సరు. నెలల తరబడి స్టేషన్లో ఉండే ఫిల్ము రేడియేషన్‌కి మసకబారుతుంది, ఫోటో చూడాలంటే భూమికి దిగాలి, కాబట్టి మార్పు తప్పనిసరైంది. అయితే రేడియేషన్ సెన్సరునీ వదల్లేదు. వేగంగా వచ్చిన కణం సిలికాన్‌లో పరమాణువుని పక్కకి నెడితే అక్కడ కరెంటు కారుతుంది, ఆ పిక్సెల్ చీకట్లో కూడా చుక్కలా వెలుగుతుంది. ఎక్స్‌పోజర్ పెరిగినకొద్దీ, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సరు స్పందన) పెంచినకొద్దీ చుక్కలు బయటపడతాయి. లోహపు రేకు చుట్టితే ఆగదు, ఆ కణాల వేగానికి రేకులోంచే కొత్త కణాలు పుట్టుకొస్తాయి. అందుకని కొన్నాళ్లు వాడి, కొత్త ఒళ్లు తెప్పించుకోవడమే దారి. 2017లో నాసా ఒక్కసారిగా 53 నికాన్ డీ5లు ఆర్డరు చేసింది, అవి ఏ మార్పూ లేని దుకాణపు సరుకే.

2024 జనవరిలో బయల్దేరిన నికాన్ జెడ్9లకి మాత్రం ఫర్మ్‌వేర్ మార్చారు. మామూలుగా లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపు 1 సెకను కన్నా నెమ్మది షట్టరుకే పనిచేస్తుంది. నాసా కోసం 1/500 నుంచే పనిచేసేలా చేశారు. షట్టరు మూసి చీకటి ఫ్రేము తీసి, వెలిగే పిక్సెల్స్ ఎక్కడున్నాయో చూసి అసలు ఫోటోలోంచి తీసేయడం దీని పని. పగటి ఫోటోలోనే ఇది కావాల్సి వస్తోందంటే సెన్సరు దెబ్బ ఎంతటిదో అర్థమవుతుంది.

అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్ నుంచి నేలని తీసేటప్పుడు అసలు శత్రువు వేగం. 400 కి.మీ. ఎత్తున స్టేషన్ కింది నేల సెకనుకి సుమారు 7.2 కి.మీ. వెనక్కి పోతుంది. 400 మి.మీ. లెన్సు వేస్తే స్కేలు పది లక్షల్లో ఒక వంతు, నేల మీద ఒక మీటరు సెన్సరు మీద ఒక మైక్రాన్. 1/1000 సెకనులో నేల 7.2 మీటర్లు జరిగితే సెన్సరు మీద 7.2 మైక్రాన్లు, డీ5 పిక్సెల్ 6.4 మైక్రాన్లు. పగలు ఒక పిక్సెల్ మసక, పర్వాలేదు. రాత్రి ఊళ్ల దీపాలకి 1/60 పెడితే 120 మైక్రాన్లు, అంటే 19 పిక్సెల్స్ గీత. అందుకే వీళ్లు లెన్సుని నేలతో పాటు తిప్పుతూ నొక్కుతారు. వ్యోమగామి డాన్ పెటిట్ ఎక్స్‌పెడిషన్ 6లో (స్టేషన్‌లో ఆరో బృందం) స్టేషన్లో దొరికిన విడిభాగాలతో, ఒక బోల్టు మరను తిప్పుతూ కెమెరాని నేల వేగానికి జరిపే ‘బార్న్ డోర్ ట్రాకర్’ కట్టాడు. నైట్‌పాడ్ అనే మోటారు స్టాండు ఐరోపా వాళ్లు 2012లో పంపారు. కిటికీ దగ్గర లోపలి దీపాలు ఆర్పి, లెన్సు చుట్టూ నల్లగుడ్డ కప్పకపోతే ట్రాకరున్నా ఫోటోలో తీసేవాళ్ల మొహమే పడుతుంది. పొడవు లెన్సులకి కుపోలా (చుట్టూ కిటికీలున్న గది) కన్నా డెస్టినీ ప్రయోగశాల కిటికీ మేలు, ఆ గాజుని ఫోటోల నాణ్యత కోసమే చేశారు.

ఇక చంద్రుడికి మళ్లీ వెళ్లే కెమెరా. 2024 ఫిబ్రవరిలో నికాన్, నాసా ఒప్పందం కుదుర్చుకున్నాయి, జెడ్9 ఆధారంగా ‘హల్క్’ అని పిలుచుకుంటున్న చేతి కెమెరాకి. ఒంటికి తెల్లటి థర్మల్ దుప్పటి, రేడియేషన్‌కి తట్టుకునేలా మార్చిన భాగాలు. వీటన్నిటికన్నా ముందు చెప్పాల్సింది పిడి: గ్లవ్స్ వేళ్లకి అందే పెద్ద బటన్లతో నాసా సొంతంగా చేసిన గ్రిప్. 2023లో స్పెయిన్ ద్వీపం లాంజరోటే లావా నేలల్లో ఐరోపా శిక్షణ బృందాలతో ఈ కెమెరాని పరీక్షించారు. గ్లెన్ కెమెరాకి తగిలించిందీ పిడే కదా.

బయటికి వెళ్లేముందు చూసుకోవాల్సినవి: తాడు కెమెరాకీ సూట్‌కీ రెండు చివర్లా తగిలి ఉందా (1966లో జెమినీ 10 నడకలో మైకేల్ కాలిన్స్ హాసెల్‌బ్లాడ్ చేజారి తేలిపోయింది, అందులోని ఫిల్ముతో సహా), బ్యాటరీ నిండుగా ఉందా, దుప్పటి బటన్ల మీదికి జారలేదు కదా, కార్డు లోపల ఉందా. చివరిది మరీ చిన్నపిల్లల జాగ్రత్తలా అనిపించవచ్చు. 2018 మే 16న వ్యోమగామి డ్రూ ఫ్యూస్టెల్ స్టేషన్ బయట గోప్రో ఆన్ చేస్తే తెర మీద ‘నో ఎస్‌డీ’ అని వచ్చింది. దానర్థం ఏమిటని ఆయన హ్యూస్టన్‌ని అడిగాడు.